అరువు టాపు

సీటు గుడ్డ విప్పగానే గుప్పున కంపు కొట్టింది. లోపలి పీచులో ఎలకలు ఎప్పుడో గూడు పెట్టుకున్నాయి. పిల్లల్ని కన్నాయి. కొన్ని అక్కడే చచ్చి అట్టల్లా ఎండిపోయాయి. కోడలు ముక్కుకి గుడ్డ కట్టుకుని, పీచంతా గోనెసంచిలోకి దులిపి, మూతి బిగించి బయట పారేసి వచ్చింది. సబ్బు అరిగేలా చేతులు కడుక్కుంది. అయినా అన్నం ముద్ద నోటి దగ్గర పెట్టుకుంటే అదే వాసన.

వీధి వైపు గదిలో ఆమెది సీట్లు కుట్టే కొట్టు. లారీలవీ, వ్యాన్లవీ, అప్పుడప్పుడూ సినిమా హాలు కుర్చీలవీ కుడుతుంది. మావగారు రోజంతా "కోడలా, కోడలా" అని కేకలేస్తూ ఉంటాడు గనక ఆ వీధి మొత్తానికీ ఆమె కోడలే అయిపోయింది. ఆమె కంటే వయసులో చిన్నవాళ్ళు కూడా "కోడలు కొట్టు" అనే దారి చెబుతారు.

ఈ సీటు గోదాముల కంపెనీ వాళ్ళ పాత ఫోర్క్‌లిఫ్టుది. ముందు రెండు ఇనప నాలుకలు చాపి బరువులెత్తే ఆ బండి ఎన్నాళ్ళుగానో వెనక షెడ్డులో తుప్పు పట్టి పడుంది. కంపెనీ ఏదో వార్షికోత్సవం చేస్తోంది. దాన్ని బయటికి లాగి, రంగులేసి, కొత్త ఆఫీసు హాల్లో నిలబెడతారట. ఆమె మొగుడు ఇప్పుడు అదే గోదాములో ఫోర్క్‌లిఫ్టు నడుపుతున్నాడు. ఒకప్పుడు మావగారు నడిపాడు, ఈ పాత బండినే. ఆయన ఎడమ పాదం సగం వరకే ఉంది. మిగతా సగం ఈ బండి వెనక చక్రం కిందే పోయింది. బూటు ముందు భాగంలో కోడలు కుట్టిచ్చిన దూది దిండు పెట్టుకుని నడుస్తాడు.

స్ప్రింగులు సరిచేస్తుండగా కంపెనీ ప్రచారం పనులు చూసే అమ్మాయి వచ్చింది. చేతిలో రెక్సిను ముక్కలు. పాత ఫోటోలో ఏ రంగుందో సరిచూడాలంది. మావగారు కర్ర ఊతంగా లేచొచ్చి స్టూలు మీద కూచున్నాడు.

"తాతగారూ, బోర్డు మీద కాస్త చరిత్ర కూడా రాస్తున్నాం. వింటారా?" అని ఆ అమ్మాయి తాను చదివిందంతా చెప్పుకొచ్చింది. ఈ బండ్ల పూర్వీకుల్లో ఒకదాన్ని ఒక ఫ్యాక్టరీ వాళ్ళు తమ సొంతానికే చేసుకున్నారట. ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి సరుకు మోసుకోడానికి. ఫ్యాక్టరీ చూడ్డానికొచ్చిన వాళ్ళు మాకూ చేసిపెట్టమన్నారట. అప్పట్లో దానికి బ్రేకులు కూడా ఉండేవి కావట.

"మరి ఎలా ఆపేవాళ్ళు?" అన్నాడు మావగారు.

"అది ఎక్కడా రాయలేదండీ."

"ఏ గోడో అడ్డం వస్తే ఆగేది కాబోలు."

ఆ అమ్మాయి నవ్వింది. "తర్వాత బరువుని నిలువునా ఎత్తే స్తంభాలొచ్చాయి, ఆ తర్వాత ఈ ఫోర్కులు. అందరూ ఒకే కొలత చెక్క పలకల మీద సరుకు పేర్చడం మొదలెట్టాక, యుద్ధం రోజుల్లో దేశదేశాలకీ పాకిపోయిందట."

"మాకు ఇది రాకముందు వీపే బండి. బస్తా దించితే వీపు మీద చొక్కా ఊడొచ్చేది కాదు, చర్మానికి అతుక్కుపోయేది. ఇదొచ్చాక సగం మందిని పొమ్మన్నారు. మిగిలిన వాళ్ళం దొరలమైపోయామనుకున్నాం." ఆయన స్ప్రింగు మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. "టాపు గురించి ఏం రాశావు తల్లీ?"

"టాపా?"

"డ్రైవరు తల మీద ఇనప చట్రం. ఇప్పటి బండ్లన్నిటికీ ఉంటుందిగా. దీనికి లేదు. ఆ రోజుల్లో చాలావాటికి ఉండేది కాదు. మా జతగాడు అది లేకే పోయాడు. కాగితం బేళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టి పైకెత్తి, స్తంభాల్ని వెనక్కి వంచాడు. పైనున్న బేలు వాడి మీదికే దొర్లింది. సీట్లో కూచున్నవాడు కూచున్నట్టే..." ఆయన మిగతాది చెప్పకుండా కర్ర కేసి చూశాడు.

ఆ అమ్మాయి కలానికి మూత పెట్టింది. "అది బోర్డు మీద పెట్టలేమండీ," అంది చాలా మెత్తగా, పసిపిల్లాడికి మందు తాగించేటప్పుడు మాట్లాడినట్టు. ఆ మెత్తదనం కోడలికి ఎలకల కంపు కంటే ఎక్కువ వెగటనిపించింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు స్వయంగా వచ్చాడు. పళ్ళ బుట్ట తెచ్చాడు. కొట్టులో కత్తిరింపు ముక్కల మధ్య కాళ్ళెక్కడ పెట్టాలో తెలియక, బూట్లు పక్కకి తిప్పుకుని నిలబడ్డాడు.

"ఆ బండి నడిపిన వాళ్ళలో మిగిలింది మీరొక్కరే పెద్దాయనా. వేడుక రోజు మీరు దాని మీద కూచోవాలి. పాత యూనిఫారం లాంటిది కుట్టించి ఇద్దామనుకున్నాం గానీ, తెల్ల చొక్కా చాలు."

మావగారి మొహం విప్పారింది. "అలాగే బాబూ. దానికేం భాగ్యం."

"చిన్న విషయం. అతిథులు రాకముందే ఎక్కి కూచోండి. అందరూ వెళ్ళాక దిగుదురుగాని." మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "నడక చూశారనుకోండి, ఏమైందని అడుగుతారు. శుభమా అని వేడుక చేసుకుంటూ అవన్నీ ఎందుకు. బూట్లు మేమే కొత్తవి పంపిస్తాం."

"అలాగే, అలాగే."

మేనేజరు వెళ్ళాక మావగారు వీధి చివరి దాకా కుంటుకుంటూ వెళ్ళి కనబడ్డ వాళ్ళందరికీ చెప్పొచ్చాడు. ఒక పండు తీసి చొక్కాకి తుడుచుకుని కొరికాడు. రసం గడ్డం మీదుగా కారుతోంది. కోడలు చూడలేక మొహం తిప్పుకుంది.

"సిగ్గనిపించలేదా మావయ్యా? కాలు దాచుకుని కూచోమంటే అలాగే అలాగే అని తలాడించారు."

"సిగ్గెందుకే? ఇన్నేళ్ళకి ఒకడు ఇంటికొచ్చి పిలిచాడు. నా కాలు పోయిన రోజు ఒక్కడొచ్చాడా ఈ గుమ్మంలోకి?"

"రానందుకేగా నేను అడుగుతున్నది."

"నీకు తెలీదులే," అని ఆయన ఇంకో పండు ఏరుకున్నాడు.

ఆమె కోపమంతా సీటు మీద చూపించింది. కొత్త పీచు పరిచి, మీద మందపాటి గుడ్డ లాగి పట్టి, మడత మడతకీ మేకు దిగ్గొట్టింది. ముదురు ఎరుపు రెక్సిను. అంచుకి తాడు పెట్టి కుట్టింది. పని పూర్తయ్యేసరికి సీటు ముచ్చటగా తయారైంది. అంత బాగా కుదిరినందుకు కూడా ఆమెకి ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం మొగుడు పని నుంచి వచ్చి, చొక్కా విప్పడానికి ఒంటి చేత్తో అవస్థ పడుతున్నాడు. ఆమె వెనక నుంచి వెళ్ళి లాగింది. భుజం మీద అరచెయ్యంత మేర కమిలి నల్లబడింది.

"ఏమైంది?"

"తలుపు తగిలింది."

"తలుపు పైనుంచి పడుతుందా?"

అతను మంచం మీద కూలబడ్డాడు. "జిగురు డబ్బా. పై అరలోంచి జారింది. తలకి తగల్లేదుగా, ఊరుకో."

"టాపు ఉందిగా బండికి."

"తీశారు. ఏదో రంగులేస్తారట. వేడుక అవగానే పెడతామన్నారు."

"అందాకా బండి ఆపొచ్చుగా."

"ఆపితే సరుకెవడు మోస్తాడు, మీ నాన్నా?" అన్నాడు. అని, తనే నవ్వబోయి భుజం పట్టుకున్నాడు. ఆమె వేడినీళ్ళ గుడ్డ పెట్టింది. అవతలి గదిలో మావగారు కంపెనీ పంపిన కొత్త బూట్లు తొడుక్కుని, కర్ర లేకుండా నిలబడగలడేమో చూసుకుంటున్నాడు. టకటకమని చప్పుడు.

మర్నాడు సీటు బిగించడానికి ఆమె కంపెనీకి వెళ్ళింది. హాలంతా గాజు. నేల మీద మొహం కనబడుతోంది. మధ్యలో ఎత్తు దిమ్మ మీద పాత బండి పసుపు రంగులో మెరిసిపోతోంది. తుప్పు తిన్న చోట్లన్నీ మైనం లాంటిదేదో కూరి నున్నగా చేసి రంగు కొట్టారు. దాని మీద టాపు ఉంది. నాలుగు కాళ్ళ ఇనప చట్రం, అదీ పసుపే.

ఆమె సీటు భుజాన వేసుకుని దిమ్మ ఎక్కింది. ఎక్కుతూ ఎడమ వైపు ముందు కాలు పట్టుకుంది. చేతికి ఇనుము తగల్లేదు, మెత్తగా తగిలింది. వంగి చూసింది. ఇనుముకి చుట్టూ రెక్సిను తొడుగు. దాని మీద కూడా పసుపు రంగు చిమ్మేశారు. రంగు కింద అడ్డకుట్లు స్పష్టంగా కనబడుతున్నాయి. అవి ఆమె కుట్లే. మొగుడు పొడుగు మనిషి, బండెక్కినప్పుడల్లా ఆ కాలికి నుదురు కొట్టుకుంటాడని తనే స్పాంజి పెట్టి కుట్టి తొడిగించింది.

 కింద తీగలు చుడుతున్న వెల్డరుని అడిగింది. "ఈ టాపు ఎక్కడిదన్నా?"

"కొత్తది చెయ్యడానికి టైమెక్కడుందమ్మా. నడుస్తున్న బండిది ఒకటి ఊడదీసి పెట్టమన్నారు. కింద పలకలు అతికి బోల్టులేశాను. కొలత కూడా బాగానే కుదిరింది."

ప్రచారం అమ్మాయి బోర్డు తగిలిస్తోంది. దాని మీద పెద్ద అక్షరాలతో రాసుంది: తొలి రోజు నుంచీ మా వాళ్ళ తల మీద మా నీడ.

"అమ్మాయ్, ఈ బండికి టాపు లేదని మావయ్య నీకు చెప్పాడుగా."

ఆ అమ్మాయి చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ముఖ్య అతిథి బీమా కంపెనీ ఆయనండీ. టాపు లేని బండి ఫోటోలో పడితే బాగుండదన్నారు పైవాళ్ళు. రెండు రోజులేగా. నేను మాత్రం ఏం చెయ్యను."

"అక్కడ గోదాములో మా ఆయన భుజం కమిలిపోయింది," అంది కోడలు.

"అయ్యో," అంది ఆ అమ్మాయి. నిజంగానే బాధపడింది. బాధపడుతూనే బోర్డు వంకర సరిచేసింది.

కోడలు సీటు బిగించింది. పానా తిప్పుతున్నంత సేపూ తన చేతుల్ని ఎవరివో చూసినట్టు చూసుకుంది. బిగించకుండా వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోలేదు. ఆఖరి బోల్టు కూడా గట్టిగా బిగించి, గుడ్డతో సీటు తుడిచి మరీ దిగింది. ఇంటికొచ్చే దారిలో తన మీద తనకే డోకొచ్చినంత పనైంది.

సాయంత్రం భోజనాల దగ్గర చెప్పేసింది. "మావయ్యా, రేపు మీరు కూచోబోయే బండికి టాపు పెట్టారు. అది మీ అబ్బాయి బండిది. మీ నెత్తిన నీడ పెట్టడానికి కన్నకొడుకు నెత్తి ఖాళీ చేశారు."

మొగుడు తలెత్తి ఆమెని చూశాడు, అతనికీ అప్పుడే తెలిసినట్టుంది. మావగారు ముద్ద కలుపుతూనే ఉన్నాడు.

"విన్నారా?"

"విన్నాను." తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుని, "ఆ తెల్ల చొక్కా ఇస్త్రీ చేసిపెట్టు," అని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

"నువ్వు గొడవ చెయ్యకు," అన్నాడు మొగుడు మెల్లిగా. "ఉద్యోగం."

ఆమె చొక్కా కాలర్ని ఇస్త్రీపెట్టె కింద మాడు వాసన వచ్చేదాకా నొక్కింది.

వేడుక రోజు మావగారిని ఆమే తీసుకెళ్ళింది. అతిథులు రాకముందే ఇద్దరు పనివాళ్ళు ఆయన్ని చంకల కింద చేతులేసి బండెక్కించారు. కర్ర తీసి తెర వెనక దాచారు. కొత్త బూట్లు రెండూ సమానంగా మెరుస్తున్నాయి. ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, పెళ్ళి ఫోటోకి కూచున్నంత నిటారుగా కూచున్నాడు. కోడలు గోడ వారకి చేరింది. షిఫ్టులో ఉన్న డ్రైవర్లని ఎవరినీ పిలవలేదు. మొగుడు ఆ గోడ అవతలే ఎక్కడో తల మీద ఏమీ లేకుండా తిరుగుతున్నాడు.

జనం వచ్చారు. చప్పట్లు కొట్టారు. మేనేజరు మాట్లాడాడు. బరువెత్తే యంత్రం మనిషి వీపుని ఎలా కాపాడిందో చెప్పాడు, కంపెనీ మనిషి తలని ఎలా కాపాడిందో చెప్పాడు. బీమా ఆయన లేచి టాపు కాలు తట్టి, "పాతకాలం ఇనుము, చూడండి ఎంత గట్టిదో," అన్నాడు. ఆ తర్వాత మైకు మావగారి చేతికొచ్చింది. ఆయన చెప్పాల్సిన మాట ముందే నేర్పించారు: ఈ బండి మమ్మల్ని కన్నతల్లిలా చూసుకుంది.

కోడలు కళ్ళు మూసుకుంది. ఆ మాట చెవిన పడితే ఈ జన్మలో ఆయనకి మళ్ళీ కంచం పెట్టలేననుకుంది.

"దీనికి టాపు ఉండేది కాదు," అన్నాడు మావగారు. "ఈ టాపు మా అబ్బాయి బండిది. నిన్ననో మొన్ననో ఊడదీసి తెచ్చారు."

 బీమా ఆయన పకపకా నవ్వాడు. "తండ్రి మీద కొడుకు గొడుగన్న మాట," అన్నాడు. హాలంతా నవ్వింది. చప్పట్లు ముందటి కంటే గట్టిగా మోగాయి. "మా పెద్దాయన మహా చమత్కారి," అని మేనేజరు మైకు లాక్కున్నాడు. కెమెరాలు మెరిశాయి. మావగారు ఆ నవ్వే మొహాల్ని ఒక్కొక్కదాన్నే చూస్తూ ఉండిపోయాడు.  వాళ్ళు అబద్ధమని కేకలేసినా బాగుండేదనుకుంది గోడ వారన కోడలు.

అందరూ భోజనాలకి వెళ్ళారు. పనివాళ్ళు మావగారిని దించబోయారు.

"నేను దిగను."

"కాలు తిమ్మిరెక్కిందా తాతగారూ?" అంది ప్రచారం అమ్మాయి.

"కాలు బాగానే ఉంది, ఉన్నంత మటుకు. ముందు టాపు దించండి. తర్వాత నన్ను దించుదురుగాని."

అతిథుల ముందు రభస ఎందుకని వాళ్ళు ఊరుకున్నారు. భోజనాలయ్యాయి. అతిథులు కార్లెక్కారు. కుర్చీలు మడిచి గోడకి చేరేశారు. నేల తుడిచే ఆవిడ దిమ్మ చుట్టూ తుడుచుకుంటూ పోయింది. మావగారు స్టీరింగు పట్టుకుని అలాగే కూచున్నాడు. కోడలు ఒక కుర్చీ లాక్కొచ్చి దిమ్మ పక్కన వేసుకుంది. 

సంగతి విని, షిఫ్టు దిగాక మొగుడు వచ్చాడు. గాజు తలుపు తోసుకుని, మట్టి బూట్లతో ఆ నున్నటి నేల మీద నిలబడ్డాడు. ఇప్పుడు "నాన్నా, దిగు, నా ఉద్యోగం పోతుంది" అంటాడనుకుంది ఆమె. అతను జేబులోంచి పానా తీశాడు. వెనకే తోటి డ్రైవర్లు వచ్చి దిమ్మెక్కి, టాపు నాలుగు కాళ్ళూ పట్టుకున్నారు.

"తల వంచుకో నాన్నా," అన్నాడు.

మూడు బోల్టులు వదిలాయి. నాలుగోది రంగులో అంటుకుపోయి కిర్రుమంటోంది. అప్పుడే మేనేజరు లోపలికొచ్చాడు. అందరూ ఎక్కడి వాళ్ళక్కడ ఆగారు. కోడలు కుర్చీలోంచి లేచి, ఏం చెయ్యాలో తెలియకపోయినా, ఆయనకీ దిమ్మకీ మధ్య నిలబడింది. ఏమేం అనాలో ఆమె నాలుక చివరనే ఉంది.

"ఇంకా ఇక్కడే ఉన్నారా?" అన్నాడు మేనేజరు ఫోనులోంచి తలెత్తి. "ఆఁ, టాపా. తీసుకెళ్ళండి, తీసుకెళ్ళండి. ఫోటోలు అద్భుతంగా వచ్చాయి. ఇక దాంతో పనేముంది. నేల మీద గీతలు పడకుండా చూడండి, అంతే."

ఆయన మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు. బూట్ల చప్పుడు ఆగేదాకా పానా కదల్లేదు.

శవాన్ని మోసినట్టు టాపు మోసుకుంటూ షెడ్డుకి నడిచారు.  తెర వెనక నుంచి కర్ర వెతికి తెచ్చుకుని మావగారు వెనకాల కుంటుకుంటూ వచ్చాడు. కొడుకు బండికి టాపు బిగిస్తుంటే నిలబడి చూశాడు.

"మనం పోట్లాడినట్టు ఆ మేనేజరుకి తెలియను కూడా తెలీలేదు కోడలా," అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నదిగా ఆమె ఎప్పుడూ వినలేదు. మూడు రోజులుగా ఆయన మీద పెట్టుకున్న కసి ఆమెలో ఎటో జారిపోయింది. కంపెనీ మీది కసి మాత్రం అలాగే ఉంది.

టాపు పట్టిన వాళ్ళలో ఒకడు, కళ్ళజోడు డ్రైవరు, తర్వాతి షిఫ్టు వాడు. చేతులు దులుపుకుని షెడ్డు చివర ఉన్న ఇంకో బండి వైపు వెళ్ళాడు. దాని సీటు పైన టాపు లేదు, షెడ్డు రేకులే కనబడుతున్నాయి.

"ఏరా అబ్బాయ్," అన్నాడు మావగారు. "నీ టాపు ఏ హాల్లో ఉంది?"

"ఎక్కడా లేదు బాబాయ్. లోపలి గోదాము ద్వారం కురచ. తగులుతోందని తీసి పారేశారు. ఏడాది దాటింది."

మావగారు ఆ బండి దాకా వెళ్ళాడు. కర్ర కొడుకు చేతికిచ్చి, ముందు కమ్మీ పట్టుకుని, ఎవరి సాయం లేకుండా, కొత్త బూటు రెండుసార్లు జారుతున్నా పట్టు వదలకుండా పైకెక్కాడు. ఇంజను తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. చేతులు కట్టుకుని కూచున్నాడు.

గేటు దగ్గర సరుకు లారీ వచ్చి ఆగింది. కాసేపటికి హారను కొట్టింది. దాని వెనక ఇంకోటి వచ్చి అదీ కొట్టింది. ఎవరో పైకి ఫోను చేశారు. ఈసారి మేనేజరు పరుగున వచ్చాడు.

"పెద్దాయనా, దిగండి. ఏమిటిది? బయట లారీలు ఆగిపోయాయి."

"ఫోటో తియ్యరా బాబూ?" అన్నాడు మావగారు.

మేనేజరు నవ్వలేదు. కళ్ళజోడు డ్రైవరు బండి పక్కన నేల మీద చతికిలబడ్డాడు. కొడుకు తన బండి తాళంచెవి కూడా తీసి జేబులో వేసుకుని వచ్చి, వాడి పక్కనే కూచున్నాడు. హారన్లు ఒకదాని మీద ఒకటి మోగుతున్నాయి.

కోడలు సంచి భుజాన వేసుకుంది. "అన్నం పట్టుకొస్తాను," అని మొగుడితో చెప్పింది. "నలుగురికీ వండుతాను." లారీల మధ్య నుంచి దారి చేసుకుంటూ ఇంటి వైపు గబగబా నడిచింది.